పదివేల చుక్కలు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా ఉన్న మెట్టలో రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ఫోను కొడితే, పొలంలో బోరు మోటారు తిరగడం మొదలవుతుంది. సోమశిల జలాశయం ఈ పక్కనే ఉన్నా దాని నీళ్లు ప్రధానంగా తూర్పుకు, పెన్నా డెల్టాకూ కావలి, కనుపూరు కాలువలకూ పోతాయి. ఈ ఎర్రనేలల్లో బత్తాయి, నిమ్మ నిలబడాలంటే చాలాచోట్ల బోరే దిక్కు. పొలాలకు త్రీఫేజ్ కరెంటు వచ్చేది రోజులో కొన్ని గంటలు. ఆ గంటల్లో ఒక్కటి పోయినా మడి తడవదు. అందుకే ‘మొబైల్ స్టార్టర్’ అని పిలిచే ఆ పెట్టెను రైతులు అంతగా నమ్ముకున్నారు. లోపల ఉండేది ఒక సిమ్ కార్డు, ఒక జీఎస్ఎం మాడ్యూలు, దాని మాట విని రిలేను లాగే ఒక మైక్రోకంట్రోలరు.

ఆ పెట్టెకు వచ్చే జబ్బుల్లో ఒకటి మెకానిక్కును బాగా ఏడిపిస్తుంది. ‘రింగు అవుతోంది గానీ మోటారు ఎత్తుకోవడం లేదన్నా’ అంటాడు రైతు. పెట్టెను ఆత్మకూరు షాపుకు తెచ్చి పెడితే చక్కగా పనిచేస్తుంది. పొలానికి తీసుకెళ్లి బిగిస్తే మళ్లీ మొరాయిస్తుంది. మల్టీమీటరు వోల్టేజీ సరిగ్గానే ఉందని చెబుతుంది. సిమ్ మారుస్తారు, యాంటెన్నా మారుస్తారు, చివరికి బోర్డే మార్చేస్తారు.

ఆ జబ్బును పట్టగలిగిన పనిముట్టు ఇప్పుడు అరచేతిలో ఇమిడేంత చిన్నదై, ల్యాప్‌టాపుకు తగిలించుకునే యూఎస్‌బీ ఆసిలోస్కోపుగా దొరుకుతోంది. చాలామంది దాన్ని కొంటారు, ప్రోబు తగిలిస్తారు, తెర మీద ఏదో ఒక గీత వచ్చేదాకా మీటలు తిప్పుతారు. గీత రాగానే అదే నిజమనుకుంటారు. చిక్కు అక్కడే ఉంది. డిజిటల్ ఆసిలోస్కోపు గీతను చూడదు. విడివిడి క్షణాల్లో వోల్టేజీని కొలిచి చుక్కలుగా దాచుకుంటుంది, ఆ చుక్కలను కలిపి మనకు గీత గీసి చూపిస్తుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఏం జరిగిందో దానికి తెలియదు. ఆ ఎడం ఎంతో చూడకుండా గీతను నమ్మకూడదు. ఈ అధ్యాయంలో నేను పాఠకుడిని బతిమాలుకునేది ఆ ఒక్క సంగతే.

పాత ఆసిలోస్కోపులకు ఈ బాధ లేదు. 1897లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన కాథోడ్ కిరణాల గొట్టంలో ఎలక్ట్రాన్ల పుంజం తెర మీద ఎడతెగకుండా పాకేది. అలాంటి గొట్టంతో చేసిన స్కోపుల్లో టైమ్ బేస్ అంటే పుంజం ఎడమ నుంచి కుడికి పరిగెత్తే వేగం, అంతే. 1947లో టెక్ట్రానిక్స్ సంస్థ తెచ్చిన 511 మోడలు, సిగ్నల్ ఒక నిర్ణీత ఎత్తు దాటినప్పుడే ఆ పరుగు మొదలయ్యేలా చేసి ట్రిగ్గర్‌ను ప్రయోగశాలల్లో మామూలు విషయం చేసింది. ఆ కాలపు వాక్యూమ్ ట్యూబుల్లో లోహపు భాగాలను కదలకుండా పట్టి ఉంచినవి పలుచని అభ్రకపు బిళ్లలు. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాల మీదుగా సాగే నెల్లూరు అభ్రకపు పట్టీ అప్పట్లో విదేశాలకు అభ్రకం పంపిన గనుల సీమ. ఈ నేలకు ఎలక్ట్రానిక్సుతో చుట్టరికం సెల్‌ఫోన్లతో మొదలైంది కాదు.

పుంజపు తెరకు జ్ఞాపకం లేదు. ఒక్కసారే జరిగి పోయే సంఘటనను అది మెరుపులా చూపి మరిచిపోతుంది. అణుభౌతిక శాస్త్రజ్ఞులకు కావలసినవేమో అలాంటి ఒక్కసారి సంఘటనలే. 1971లో వాల్టర్ లెక్రాయ్ సంస్థ డబ్ల్యూడీ2000 అనే యంత్రాన్ని తెచ్చింది. అది నానోసెకనుకు ఒకటి చొప్పున వోల్టేజీని కొలిచి దాచేది. దాని మెమరీ ఎంతో తెలుసా? ఇరవై చుక్కలు. అంటే ఇరవై నానోసెకన్ల చరిత్ర, ఆపైన ఏమీ లేదు. అయినా అది గొప్పగా పనికొచ్చింది. తనకు కావలసిన పల్స్ ఆ ఇరవై నానోసెకన్లలో ముగిసిపోతుందని శాస్త్రజ్ఞుడికి ముందే తెలుసు. మెమరీ చిన్నదైనా ప్రశ్న దానికి సరిపడా ఉంది.

ఒకే ఒక గుణకారం

మన దేశంలోనే రూపొందిన ఎక్స్‌ఐస్ అనే పరికరాన్ని తీసుకుందాం. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో బి.పి. అజిత్ కుమార్ నడిపిన ఫీనిక్స్ ప్రాజెక్టు నుంచి పుట్టిందిది. విద్యార్థులు చవకగా ప్రయోగాలు చేసుకోవాలన్నదే దాని ఉద్దేశం. దాని ఎక్స్‌ఐస్-17 రూపంలో ఆసిలోస్కోపు సెకనుకు దాదాపు 10 లక్షల శాంపిళ్ల (చుక్కల) దాకా తీయగలదు. లోపలి మెమరీ 10,000 శాంపిళ్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పూర్తి వేగంతో తీస్తే 10,000 చుక్కలు సెకనులో వందో వంతుకే, అంటే 10 మిల్లీసెకన్లకే నిండిపోతాయి. ఒక సెకను చూడాలంటే వేగం సెకనుకు 10,000కు తగ్గాలి. పది సెకన్లు చూడాలంటే 1,000కి తగ్గాలి. చూసే కాలాన్ని శాంపిల్ రేటుతో గుణిస్తే చుక్కల సంఖ్య వస్తుంది, అది మెమరీని దాటడానికి వీల్లేదు. ఏ కంపెనీ స్కోపైనా, ఎంత ఖరీదైనదైనా, ఈ లెక్కను తప్పించుకోలేదు. డబ్బు పెడితే మెమరీ పెరుగుతుంది, గుణకారం మాత్రం మారదు.

ఎక్స్‌ఐస్‌ను పైథాన్ భాషలో నడిపితే ఈ నిజం మరీ స్పష్టంగా కనబడుతుంది. అక్కడ డివిజనుకు, అంటే తెర మీది ఒక్కో గడికి, ఎంత కాలం అన్న మాటే ఉండదు. ఏ ఛానెల్, ఎన్ని శాంపిళ్లు, రెండు శాంపిళ్ల మధ్య ఎన్ని మైక్రోసెకన్లు అని మాత్రమే ఆ ఆదేశం అడుగుతుంది. విద్యార్థులకు స్కోపు నేర్పే మాస్టార్లు మొదట ఇలాగే నేర్పితే బాగుంటుందని నా గట్టి నమ్మకం. తెర మీద డివిజన్లు చూపించే సాఫ్ట్‌వేరు ఈ లెక్కను మన కంటికి కనబడకుండా కప్పేస్తుంది. మనం టైమ్ బేస్‌ను ఒక మెట్టు నెమ్మది చేస్తే అది చడీచప్పుడు లేకుండా శాంపిల్ రేటును దించేస్తుంది. రెండో ఛానెల్ ఆన్ చేస్తే చాలా స్కోపుల్లో మెమరీ సగానికి పడిపోతుంది, అదీ చెప్పదు. తెర మూలన చిన్న అక్షరాల్లో సెకనుకు ఎన్ని శాంపిళ్లో రాసి ఉంటుంది. సెట్టింగు మార్చిన ప్రతిసారీ మొదట చూడాల్సింది ఆ మూలనే.

సరళరేఖగా మారిన కరెంటు

చుక్కల మధ్య ఎడం పెరిగితే ఏమవుతుందో ఇంటి కరెంటుతోనే చూడొచ్చు. ముందుగా ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. 230 వోల్టుల ప్లగ్గులోగానీ 415 వోల్టుల మోటారు తీగల మీదగానీ యూఎస్‌బీ స్కోపు ప్రోబును ఎప్పుడూ పెట్టకూడదు. ప్రోబుకు ఉండే నల్ల క్లిప్పు యూఎస్‌బీ తీగ గుండా ల్యాప్‌టాపు లోహపు భాగాలకూ, ఛార్జరు గుండా ఎర్త్‌కూ కలిసి ఉంటుంది. ఆ క్లిప్పు ఫేజుకు తగిలిందంటే స్కోపూ ల్యాప్‌టాపూ కాలిపోవడం చిన్న నష్టం, పట్టుకున్న మనిషి పోవచ్చు. ఛార్జరు పీకేసినా ప్రమాదం పోదు, ల్యాప్‌టాపు మొత్తం ఫేజు వోల్టేజీకి ఎక్కి కూర్చుంటుంది. 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు ప్లగ్గుకు పెట్టి, దాని రెండోవైపు తీగల మీదే కొలవాలి. అక్కడ తరంగం శిఖరం సుమారు ఎనిమిదిన్నర వోల్టులు. పరికరానికీ మనిషికీ అది హద్దులో ఉన్నట్టే.

టైమ్ బేస్ డివిజనుకు 20 మిల్లీసెకన్లు పెడితే పది డివిజన్లలో పది తరంగాలు వస్తాయి. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక తరంగం కాలం 20 మిల్లీసెకన్లే కాబట్టి డివిజనుకు ఒకటి. ఇప్పుడు 10,000 చుక్కల మెమరీ ఉన్న స్కోపులో టైమ్ బేస్‌ను డివిజనుకు 20 సెకన్లకు మార్చామనుకోండి. మొత్తం తెర 200 సెకన్లు. 10,000ను 200తో భాగిస్తే సెకనుకు 50 శాంపిళ్లు. కరెంటు కూడా సెకనుకు 50 సార్లే ఊగుతోంది. అంటే స్కోపు ప్రతి తరంగం మీదా ఒకే చోట, ఉదాహరణకు ప్రతిసారీ శిఖరం మీదే, చుక్క పెడుతుంది. చుక్కలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. కలిపితే అడ్డంగా ఒక సరళరేఖ. ఏసీ కరెంటు డీసీ అయిపోయినట్టు కనబడుతుంది.

నిజానికి మన గ్రిడ్డు కచ్చితంగా 50 మీద నిలబడదు. 49.90 నుంచి 50.05 దాకా ఊగడం నియమాల ప్రకారమే సమ్మతం. ఒక క్షణాన 49.95 ఉందనుకుందాం. ఒక్కో తరంగం 20.02 మిల్లీసెకన్లు పడుతుంది, స్కోపు మాత్రం 20.00కే చుక్క పెడుతుంది. ప్రతి చుక్కా తరంగం మీద 0.02 మిల్లీసెకన్లు వెనక్కి జరుగుతుంది. అలా వెయ్యి చుక్కలు జరిగేసరికి ఒక పూర్తి తరంగం చుట్టివస్తుంది. వెయ్యి చుక్కలంటే 20 సెకన్లు, తెర మీద ఒక డివిజను. అంటే ఆ తెర మీద డివిజనుకు ఒక నున్నని తరంగం చొప్పున పది తరంగాలు కనబడతాయి. ఇందాక 20 మిల్లీసెకన్ల దగ్గర చూసిన బొమ్మా ఇదే. రెండు తెరలనూ ఫోటో తీసి పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. ఒకటి నిజమైన కరెంటు. రెండోది ఇరవై సెకన్లకోసారి ఊగే తరంగం, అలాంటిది ఆ తీగలో ఎక్కడా లేదు. దీన్ని చూసి ‘వోల్టేజీ నెమ్మదిగా పైకీ కిందికీ పోతోంది, సబ్‌స్టేషన్‌లో ఏదో తేడా ఉంది’ అని తీర్మానించేవాళ్లు ఉంటారు. ఇంజనీర్లు దీన్ని ఎలియాసింగ్ అంటారు.

సిగ్నల్‌లోని అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో శాంపిళ్లు తీయాలన్న సూత్రం నైక్విస్ట్, షానన్ల పేర్లతో చలామణిలో ఉంది. షానన్ దాన్ని 1949లో ప్రచురించిన వ్యాసంలో స్పష్టంగా నిరూపించాడు. రెట్టింపు అనేది సిద్ధాంతపు హద్దు. కంటితో ఆకారం పోల్చుకోవాలంటే తరంగానికి కనీసం పది చుక్కలు ఉండాలి. ఎలియాస్‌ను పట్టేందుకు సూత్రం కన్నా సులువైన పరీక్ష ఒకటుంది. టైమ్ బేస్‌ను రెండు మూడు మెట్లు వేగం చేసి, తరంగం కాలం ఎంతో మళ్లీ కొలవండి. నిజమైన సిగ్నల్ అయితే 20 మిల్లీసెకన్లు ఏ సెట్టింగులోనైనా 20 మిల్లీసెకన్లే. మీట తిప్పినకొద్దీ కాలం మారిపోతోందంటే మీరు చూస్తున్నది సిగ్నల్‌ను కాదు, మీ చుక్కల ఎడాన్ని.

చెరువూ తూమూ

యూఎస్‌బీ స్కోపులో ఇంకో చిక్కుంది. మెమరీ ఎక్కడ ఉందన్నది. ప్యాకెట్టు మీద ‘10 లక్షల శాంపిళ్ల మెమరీ’ అని రాసి ఉంటుంది. ఆ మెమరీ పరికరం లోపల ఉందా, ల్యాప్‌టాపులో ఉందా? కుండపోత వానకు చెరువు ఎలాగో, శాంపిళ్లు తీసే చిప్పుకు పరికరం లోపలి మెమరీ అలాగ. వాన ఎంత జోరుగా పడినా చెరువు పట్టుకుంటుంది, తూము గుండా ఆయకట్టుకు నింపాదిగా వదులుతుంది. ఎక్స్‌ఐస్ పద్ధతి ఇదే. 10,000 చుక్కలు నింపుకుని, ఆ తర్వాత యూఎస్‌బీ గుండా ల్యాప్‌టాపుకు పంపుతుంది. పంపేటప్పుడు ఎంత ఆలస్యమైనా కొలతకు నష్టం లేదు.

చవకగా దొరికే మరో రకం స్కోపుల్లో చెరువు దాదాపు లేనట్టే. సైప్రస్ సంస్థ చేసిన ఎఫ్‌ఎక్స్2 అనే చిప్పు వాటిలో చాలావాటికి గుండెకాయ. దానిలోని తాత్కాలిక నిల్వ 4 కిలోబైట్లు. సెకనుకు 4 కోట్ల 80 లక్షల శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు ఒక బైటు చొప్పున వస్తుంటే 4 కిలోబైట్లు నిండడానికి పట్టేది దాదాపు 85 మైక్రోసెకన్లు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే లెక్క ప్రకారం 60 మెగాబైట్లు. ఆచరణలో అంతకన్నా బాగా తక్కువే దక్కుతుంది. స్కోపు తగిలించిన యూఎస్‌బీ హబ్బు మీదే పెన్‌డ్రైవు ఉన్నా, ల్యాప్‌టాపు ఇంకో పనిలో పడి ఒక్క మిల్లీసెకను అటు తిరిగినా, కలుజు పారుతుంది. ఆ పారిన చుక్కలు ఇక రావు. సాఫ్ట్‌వేరేమో మిగిలిన చుక్కలను దగ్గరికి జరిపి, ఏమీ జరగనట్టు గీత గీస్తుంది.

ఈ లోపాన్ని పట్టాలంటే తెలిసిన సిగ్నల్ ఇవ్వాలి. ఎక్స్‌ఐస్‌లోనే సైన్ తరంగం పుట్టించే మూలం ఉంది, 1,000 హెర్ట్జ్‌కు పెట్టి పరీక్షించాల్సిన స్కోపుకు కలపండి. పొడుగ్గా రికార్డు చేసి మొదటి నుంచి చివరిదాకా జరుపుకుంటూ చూడండి. నున్నగా పోతున్న సైన్ తరంగం ఒకచోట హఠాత్తుగా తెగి వేరే ఎత్తు నుంచి మళ్లీ మొదలైతే, అక్కడ చుక్కలు పోయాయన్నమాట. రేటు తగ్గించుకుంటూ రండి. తెగులు మాయమైన రేటే మీ ల్యాప్‌టాపుతో ఆ స్కోపు నిజంగా మోయగల రేటు. స్కోపును హబ్బు మీద కాక నేరుగా పోర్టుకు పెడితే ఆ అంకె పెరగవచ్చు.

ఆపేసిన బొమ్మను సాగదీసి చూడటం గురించి ఒక మాట. సాగదీస్తే చుక్కల మధ్య ఖాళీ పెద్దగా కనబడుతుందే తప్ప కొత్త చుక్క ఒక్కటీ పుట్టదు. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ ఖాళీలను గణితంతో వంపుగా పూరిస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అనుమానం వస్తే గీతల బదులు చుక్కలు చూపే మోడ్‌కు మారండి. అప్పుడు తెలుస్తుంది, మనం శిఖరం అనుకున్నది మూడే మూడు చుక్కల మీద నిలబడి ఉందని.

గాదంకి లెక్క

ఇదంతా చిన్న పరికరాల ఇబ్బంది అనుకోవద్దు. తిరుపతి దగ్గర గాదంకిలో ఒక రాడార్ ఉంది. నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీ నడిపే ఎంఎస్‌టీ రాడార్. 1024 యాగీ యాంటెన్నాలను చదరంగా పరిచి, 53 మెగాహెర్ట్జ్ రేడియో పల్సులను ఆకాశంలోకి పంపి, గాలి పొరల నుంచి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని వింటుంది. 1993 నుంచి పూర్తి స్థాయిలో పనిచేస్తోంది. ఒక రకంగా చూస్తే అది ఆకాశానికి తగిలించిన ఆసిలోస్కోపే. దాని టైమ్ బేస్ ఎత్తును కొలుస్తుంది. పల్స్ వెళ్లి రావాలి కాబట్టి ఒక మైక్రోసెకను అంటే 150 మీటర్ల ఎత్తు. మైక్రోసెకనుకు ఒక శాంపిల్ తీస్తే గాలిని 150 మీటర్ల పొరలుగా విడదీయవచ్చు.

అక్కడ సాధారణంగా వాడే సెట్టింగుల్లో ఒకదాన్ని చూడండి. మిల్లీసెకనుకు ఒక పల్స్ పంపుతారు. ఒకే ఎత్తు నుంచి వచ్చిన 64 వరుస ప్రతిధ్వనులను కలిపి ఒకే అంకె చేస్తారు. బలహీనమైన సిగ్నల్ పైకి తేలుతుంది, దాచాల్సిన అంకెలు 64 రెట్లు తగ్గుతాయి. అలాంటి అంకెలు 512 పోగుచేసి గాలి వేగాన్ని లెక్కగడతారు. ఒక్కో అంకెకు 64 మిల్లీసెకన్లు, 512 అంకెలకు దాదాపు 33 సెకన్లు. మెమరీ 512, చుక్కల ఎడం 64 మిల్లీసెకన్లు, చూసిన కాలం 33 సెకన్లు. మన పదివేల చుక్కల గుణకారమే ఇది.

మరి 64 కలిపేసి చుక్కల ఎడం అంత పెంచితే ఎలియాసింగ్ రాదా? ఈ ప్రశ్నను వాళ్లు ముందే వేసుకున్నారు. 64 మిల్లీసెకన్ల ఎడంతో గుర్తించగల అత్యధిక డాప్లర్ ఫ్రీక్వెన్సీ, అంటే గాలి కదలిక వల్ల ప్రతిధ్వనిలో వచ్చే ఫ్రీక్వెన్సీ మార్పు, 7.8 హెర్ట్జ్. 53 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 5.66 మీటర్లు. దాన్నిబట్టి రాడార్ వైపుకు లేదా దూరంగా సెకనుకు 22 మీటర్ల దాకా కదిలే గాలిని పొరపాటు లేకుండా కొలవవచ్చు. పుంజాన్ని నిట్టనిలువు నుంచి 10 డిగ్రీలు వాల్చి చూస్తారు కాబట్టి, అడ్డంగా వీచే గాలికి ఆ హద్దు సెకనుకు సుమారు 127 మీటర్లు. దక్షిణ భారతం మీద వర్షాకాలంలో పదహారు కిలోమీటర్ల ఎత్తున పరుగెత్తే తూర్పు జెట్ గాలులు కూడా దానికి చాలా లోపే ఉంటాయి. అత్యంత వేగంగా కదిలేది ఏది, అత్యంత ఎక్కువసేపు చూడాల్సింది ఏది అని అడిగాక పెట్టిన సెట్టింగులవి. మీట తిప్పి దొరికిన బొమ్మలు కావు.

స్టార్టర్ పెట్టె దగ్గర

ఇప్పుడు ఆ మొబైల్ స్టార్టర్‌ను అదే రెండు ప్రశ్నలతో చూద్దాం. బోర్డు నుంచి మోటారు వైపు తీగలూ మెయిన్స్ తీగలూ పూర్తిగా విప్పేయాలి. బోర్డును 12 వోల్టుల బ్యాటరీతో నడపాలి. అప్పుడు మాత్రమే స్కోపు తగిలించాలి.

ఫోను రాగానే జీఎస్ఎం మాడ్యూలు మైక్రోకంట్రోలరుకు సీరియల్ తీగ మీద ‘రింగ్’ అనే మాటను నాలుగు ఇంగ్లీషు అక్షరాలుగా పంపుతుంది. ముందూ వెనకా రెండేసి వరుస మార్పు గుర్తులతో కలిపి ఎనిమిది అక్షరాలు. వేగం 9600 బాడ్ అయితే ఒక బిట్టు 104 మైక్రోసెకన్లు, అక్షరానికి పది బిట్లు, మొత్తం మాట 8.3 మిల్లీసెకన్లు. మాట లేనప్పుడు వోల్టేజీ పైనే నిలబడి ఉంటుంది, అక్షరం మొదలవగానే కిందికి దిగుతుంది. కాబట్టి ట్రిగ్గర్‌ను దిగే అంచుకు, ఒక్కసారే పట్టి ఆగే సింగిల్ మోడ్‌లో పెట్టి, మొత్తం కాలం 10 మిల్లీసెకన్లు తీసుకుంటే బిట్టుకు దాదాపు వంద చుక్కలు. అక్షరాలను కాగితం మీద చదువుకోవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే పని వేరు. ‘రింగు మళ్లీ మళ్లీ వస్తోందా లేదా చూద్దాం’ అని పది సెకన్ల కాలం పెడతారు. చుక్కల ఎడం ఒక మిల్లీసెకను అవుతుంది. అక్షరం మొత్తం ఒక మిల్లీసెకనే కాబట్టి ఒక్కో అక్షరానికి ఒక్కో చుక్క పడుతుంది. ఆ చుక్క పైన ఉన్న బిట్టు మీద పడిందో, కిందున్న దాని మీద పడిందో అదృష్టం. తెర మీద సన్నని వెంట్రుక లాంటిది కనబడితే కనబడుతుంది, లేకపోతే సరళరేఖ. దాన్ని చూసి మాడ్యూలు మాట్లాడటం లేదని పారేస్తారు. పొడుగ్గా చూడక తప్పనప్పుడు, స్కోపులో పీక్ డిటెక్ట్ మోడ్ ఉంటే అది ఆన్ చేయాలి. ప్రతి ఎడంలోనూ అత్యధిక, అత్యల్ప విలువలను అది విడిగా పట్టి ఉంచుతుంది. అక్షరాలు చదవలేం గానీ అక్కడ ఏదో జరిగిందని తెలుస్తుంది.

అసలు దోషి తరచుగా పవర్ తీగ. జీఎస్ఎం ఫోను ఏకధాటిగా ప్రసారం చేయదు. 4.615 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్ల పాటు అరుస్తుంది. మిగతా సమయంలో ఊరుకుంటుంది. అరిచేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. మాడ్యూలుకు వచ్చే తీగలు, కనెక్టర్లు కలిపి 0.3 ఓముల నిరోధం ఉంటే చాలు, ఆ 577 మైక్రోసెకన్లూ 0.6 వోల్టులు పడిపోతాయి. 4.0 వోల్టులు ఇస్తున్నచోట 3.4 అవుతుంది. సిమ్800 తరహా మాడ్యూలుకు కనీసం కావలసింది 3.4. అంతకన్నా కాస్త జారినా అది ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. మల్టీమీటరు సగటు చూపిస్తుంది. ఎనిమిదో వంతు కాలమే పడిపోతుంది కాబట్టి సగటు 3.92 వోల్టులు, ‘అంతా బాగుంది’. షాపులో ఎందుకు పనిచేసిందో కూడా దీంతో తేలిపోతుంది. టౌనులో టవరు దగ్గర, మాడ్యూలును మెల్లగా మాట్లాడమని నెట్‌వర్కే చెబుతుంది. ఉదయగిరి దుర్గం కొండల మాటునున్న పొలంలో టవరు దూరం, అది గొంతు చించుకోక తప్పదు. అందుకే పెట్టెను షాపుకు మోసుకురావడం కన్నా స్కోపునే పొలానికి మోసుకుపోవాలి.

రెండు ఛానెళ్లూ వాడదాం. ఒకటి పవర్ తీగ మీద, ఒకటి సీరియల్ తీగ మీద. మెమరీ సగమై ఒక్కోదానికి 5,000 చుక్కలు మిగులుతాయి. ఎంత కాలం పెట్టాలి? బిట్టుకు పది చుక్కలు కావాలి కాబట్టి ఎడం 10 మైక్రోసెకన్లు మించకూడదు. 5,000ను 10తో గుణిస్తే 50 మిల్లీసెకన్లు. అందులో పది పదకొండు అరుపులు పడతాయి, మాట మొత్తం పడుతుంది, ఒక్కో అరుపుకు 57 చుక్కలు. ట్రిగ్గర్‌ను పవర్ తీగ మీద, 3.5 వోల్టుల దగ్గర దిగే అంచుకు పెట్టాలి. స్కోపు ఒప్పుకుంటే ట్రిగ్గర్ స్థానాన్ని తెర మధ్యకు జరపాలి, జరగబోయే ముందు సంగతి కూడా మెమరీలో మిగులుతుంది. ఇక ఫోను కొట్టడమే. మెట్లు మెట్లుగా పల్లాలు, వాటి మధ్య సీరియల్ తీగ మీద సగం రాసి ఆగిపోయిన మాట కనబడితే జబ్బు దొరికింది.

మందు చవక. అయితే మాడ్యూలు దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. 2 ఆంపియర్లు 577 మైక్రోసెకన్ల పాటు ఆ ఒక్క కెపాసిటరు నుంచే రావాలంటే దాని వోల్టేజీ 1.15 వోల్టులు దిగుతుంది. తీగలను పొట్టిగా, లావుగా మార్చి, తుప్పు పట్టిన కనెక్టరు తీసేసి, ఆ తర్వాత కెపాసిటరు వేయాలి. వేశాక అవే సెట్టింగులతో మళ్లీ చూడాలి. పల్లం లోతు తగ్గిందా లేదా అన్నది అదే ఎడంతో కొలిచినప్పుడే పోల్చడానికి వీలు.

కొన్ని ప్రశ్నలకు 10,000 చుక్కలు ఏ విధంగానూ చాలవు. ‘పొద్దున కరెంటు వచ్చినప్పటి నుంచి పోయేదాకా వోల్టేజీ ఎలా ఉంది?’ అని రైతు అడుగుతాడు, న్యాయమైన ప్రశ్న. అది తొమ్మిది గంటలు అనుకుంటే 32,400 సెకన్లు, చుక్కల ఎడం మూడు సెకన్లు దాటుతుంది. 50 హెర్ట్జ్ తరంగానికి ఆ ఎడం పనికిరాదు. ఇక్కడ గాదంకి వాళ్ల పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు. చిన్న ట్రాన్స్‌ఫార్మరు రెండోవైపు నుంచి 40 మైక్రోసెకన్ల ఎడంతో 1,000 శాంపిళ్లు తీస్తే 40 మిల్లీసెకన్లు, అంటే రెండు పూర్తి తరంగాలు. ఆ వెయ్యి చుక్కల నుంచి ఆర్ఎంఎస్ వోల్టేజీ ఒక్క అంకెగా లెక్కగట్టి, టైముతో సహా ఫైల్లో రాసి, శాంపిళ్లను పారేయాలి. ఐదు సెకన్లకోసారి ఇలా చేస్తే ఆ తొమ్మిది గంటలకూ 6,480 అంకెలు. పైథాన్‌లో పది పన్నెండు వరుసల ప్రోగ్రాము చాలు. మూడు ఫేజులకూ మూడు ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే ఏ ఫేజు ఏ వేళ కుంగిందో తెలుస్తుంది. ఐదు సెకన్ల మధ్యలో వచ్చిపోయే కుదుపులు ఈ పట్టికలో దొరకవు, వాటి కోసం ట్రిగ్గర్ పెట్టి వేరే రోజు కాపు కాయాలి. మోటారు ఎప్పుడెప్పుడు ఆగిందో రైతు రాసిపెట్టుకున్న వేళలను ఈ పట్టిక పక్కన పెట్టి, ఆ రెండు కాగితాలనూ లైన్‌మన్‌కు చూపిస్తే, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఏ ఫేజు జంపరు చూడాలో అక్కడికక్కడే మాట్లాడుకోవచ్చు.